ఎస్టేట్ సేల్‌లో దొరికిన రెండో ప్రపంచ యుద్ధం నాటి పారాట్రూపర్ జాకెట్ అసలు ఎవరిదో కనుక్కోవడం ఎలా?

ప్రశ్న పెద్దది కాబట్టి కుదించి రాస్తున్నాను. ఓహాయోలో డేటన్ దగ్గర ఒక ఎస్టేట్ సేల్‌లో (ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అందులో సామానంతా అమ్మేసే అమ్మకం) అమెరికన్ పారాట్రూపర్ (విమానం నుంచి పారాచూట్‌తో దూకే సైనికుడు) జాకెట్ కొన్నారు, ఏటవాలుగా కుట్టిన నాలుగు పెద్ద జేబులు ఉన్నాయి, ఎడమ భుజం మీద గద్ద తల ప్యాచ్ ఉంది, లోపల మెడ దగ్గర వెలిసిపోయిన ఇంకుతో కె-4172 అని ఉంది. ఆ ఇంటివాళ్ళ ఇంటిపేరేమో ఎస్‌తో మొదలవుతుంది, వాళ్ళకి కూడా ఈ జాకెట్ ఎవరిదో తెలీదన్నారు. అసలు యజమాని పేరు పట్టుకోవచ్చా అని అడిగారు.

పట్టుకునే అవకాశం బాగానే ఉంది, డబ్బులు కూడా పెద్దగా అవ్వవు, టైమ్ మాత్రం పడుతుంది. మీ దగ్గరున్న అసలు ఆధారం ఆ కె-4172, గద్ద ప్యాచ్ కాదు. కానీ ఒకటి ముందే చెప్పేస్తున్నా, ఆ నంబర్ ఒక్కదాంతో ఒక మనిషి తేలడు, కొన్ని పదుల మంది తేలతారు. వాళ్ళలోంచి ఒక్కడిని బయటికి లాగాలంటే వేరే దారిలో వచ్చిన ఇంకో ఆధారం కూడా అతని వైపే చూపించాలి. అమ్మేవాళ్ళు చాలామంది డేటాబేస్‌లో కనిపించిన మొదటి పేరు దగ్గరే ఆగిపోయి ఫలానా వీరుడి జాకెట్ అని చీటీ తగిలించేస్తారు, ఆ తర్వాత ఆ పేరు జాకెట్‌తో పాటు చేతులు మారుతూ నిజం అయిపోతుంది. మీరు ఆ పని చేయకండి.

నా గురించి ఒక్క ముక్క, ఉండేది పెన్సిల్వేనియాలో, చేసేది అందరిలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారాంతాల్లో మాత్రం పాత మిలిటరీ సామాన్ల షోలు తిరగడం, యూనిఫాంల మీద ఉన్న నంబర్లు పట్టుకుని మనుషుల్ని వెతకడం చాలా ఏళ్ళుగా ఉన్న పిచ్చి. ఇంట్లో వాళ్ళకి ఇది ఇప్పటికీ అర్థం కాదు, చచ్చిపోయిన వాళ్ళ బట్టలు ఇంట్లో ఎందుకు అంటారు.

సరే, ఆ నంబర్ ఏంటంటే, అప్పట్లో అమెరికన్ ఆర్మీలో బట్టలన్నీ మూటగట్టి లాండ్రీకి పంపేవాళ్ళు, తిరిగొచ్చాక ఎవరివి ఎవరికో తెలియడానికి ఇంటిపేరు మొదటి అక్షరం, సీరియల్ నంబర్‌లో (ఆర్మీ ఒక్కో సైనికుడికి ఇచ్చే సొంత నంబర్) చివరి నాలుగు అంకెలు బట్టల మీద వేసేవాళ్ళు. మన ఊళ్ళలో చాకలి గుర్తు పెట్టేవాళ్ళు చూడండి, అదే పని. దీన్ని కలెక్టర్లు లాండ్రీ నంబర్ అంటారు. అంటే మీ జాకెట్ యజమాని ఇంటిపేరు కె తో మొదలవుతుంది, సీరియల్ నంబర్ 4172 తో ముగుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనవాళ్ళకి ఇచ్చిన బ్రిటిష్ మెడల్స్ అయితే అంచు మీద పేరు, యూనిట్ చెక్కి మరీ ఇచ్చారు, వెతికేవాడికి సగం పని అక్కడే అయిపోతుంది. అమెరికన్ బట్టల్లో అంత అదృష్టం అరుదు, ఈ అక్షరం, నాలుగు అంకెలే గతి.

ఇప్పుడు లెక్క చూద్దాం, ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. అమెరికన్ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళు ఆర్మీలో చేరినవాళ్ళ రికార్డులు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు, 1938 నుంచి 1946 దాకా దాదాపు 90 లక్షల ఎంట్రీలు. నాలుగు అంకెలకి పది వేల కాంబినేషన్లు ఉంటాయి కాబట్టి 4172 తో ముగిసే నంబర్లు సుమారు 900 ఉంటాయి. ఇంటిపేరు కె తో మొదలయ్యేవాళ్ళు నూటికి మూడు నాలుగు అనుకుంటే ముప్పై మంది దాకా మిగులుతారు. మీకు కె రావడం మంచిదే అయింది, అదే ఎస్ గానీ ఎమ్ గానీ బి గానీ అయితే ఎనభై తొంభై మందితో కూర్చోవాల్సి వచ్చేది. క్యూ తో మొదలయ్యే నంబర్ ఒకటి ఒకసారి నా చేతికొచ్చింది, గంటలో తేలిపోయింది, అలాంటివి జీవితంలో ఒకటో రెండో.

ఆ సైట్‌లో సీరియల్ నంబర్ గడిలో ముందు అంకెల బదులు వైల్డ్‌కార్డ్ గుర్తులు (ఏ అంకె అయినా సరే అని చెప్పేవి) పెట్టి చివరి నాలుగు ఇవ్వండి, ఏ గుర్తు వాడాలో అక్కడే హెల్ప్‌లో ఉంటుంది. వచ్చిన ప్రతి కె పేరుకీ రాష్ట్రం, కౌంటీ, చేరిన తేదీ, చేరిన ఊరు, పుట్టిన సంవత్సరం, చదువు, అంతకుముందు చేసిన పని, పెళ్ళయిందా లేదా అన్నీ ఒక షీట్‌లో ఎక్కించుకోండి. ఒక జాగ్రత్త, ఆ డేటా అంతా పాత పంచ్ కార్డులని మైక్రోఫిల్మ్ తీసి, ఆ ఫిల్మ్‌ని మళ్ళీ మెషీన్‌తో చదివించి తయారుచేసింది, అసలు కార్డులు ఇప్పుడు లేవు. అందుకని తప్పులు బోలెడు, ఒక అంకె బదులు ఇంకోటి పడుతుంది, పేర్లలో అక్షరాలు ఎగిరిపోతాయి, కొన్ని చోట్ల పుట్టిన సంవత్సరం చూస్తే మనిషికి తొంభై ఏళ్ళుంటాయి. పైగా యుద్ధకాలంలో ఆర్మీలో పనిచేసినవాళ్ళు కోటీ పది లక్షల పైనే, అంటే లిస్టులో లేనివాళ్ళు కూడా బాగానే ఉన్నారు, ఆఫీసర్లయితే దాదాపుగా ఉండరు. లిస్టులో ఒకే ఒక్క పేరు సరిపోయినా అతనే అని అర్థం కాదు.

తర్వాత సీరియల్ నంబర్ మొదట్లో ఉన్న అంకెలు చూడాలి, అవి చాలా మాట్లాడతాయి. 1 తో మొదలైతే తనంతట తాను వచ్చి చేరినవాడు, 3 అయితే డ్రాఫ్ట్‌లో, అంటే నిర్బంధ సైనిక భర్తీలో, పిలుపు అందుకున్నవాడు (తర్వాత తర్వాత 4 తో కూడా ఇచ్చారు), 20 అయితే నేషనల్ గార్డ్ (రాష్ట్రాల పార్ట్‌టైమ్ సైన్యం) నుంచి వచ్చినవాడు, 6 అయితే యుద్ధానికి ముందు నుంచే రెగ్యులర్ ఆర్మీలో ఉన్నవాడు, ఆఫీసర్లకి నంబర్ ముందు ఇంగ్లీషు O అక్షరం ఉంటుంది. ఎనిమిది అంకెల నంబర్‌లో 1 తర్వాత గానీ 3 తర్వాత గానీ వచ్చే రెండో అంకె ఏ ప్రాంతంలో చేరాడో చెప్తుంది. 5 అంటే ఓహాయో, ఇండియానా, కెంటకీ, వెస్ట్ వర్జీనియా. 3 అంటే మా పెన్సిల్వేనియా వైపు, మేరీల్యాండ్, వర్జీనియా. 2 అంటే న్యూయార్క్, న్యూజెర్సీ, డెలావేర్. కాబట్టి మీ ముప్పై మందిలో 15 తోనో 35 తోనో మొదలయ్యేవాళ్ళని పైన పెట్టుకోండి, మిగతావాళ్ళని మాత్రం కొట్టేయకండి, ఎందుకంటే యుద్ధం అయ్యాక ఉద్యోగాల కోసం జనం దేశమంతా చెల్లాచెదురయ్యారు, డేటన్‌లో ఫ్యాక్టరీ పనికి కెంటకీ కొండల నుంచి వచ్చినవాళ్ళే ఎంతమందో. 1942 డిసెంబర్‌లో ప్రెసిడెంట్ ఆర్డర్‌తో 18 నుంచి 37 ఏళ్ళ మగవాళ్ళకి స్వచ్ఛందంగా చేరడం ఆపేశారు కాబట్టి 1 తో మొదలయ్యే నంబర్ చాలావరకు ఆ లోపు చేరినవాడిదే. ఇంకోటి, పారాట్రూపర్లు డ్రాఫ్ట్‌లో వచ్చినా సరే పారాచూట్‌కి మాత్రం స్వయంగా ఒప్పుకునే వెళ్ళాలి, సాధారణ సైనికుడికి నెలకి యాభై డాలర్లు అదనంగా జంప్ పే ఇచ్చేవాళ్ళు, ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. కాబట్టి 3 తో మొదలైన నంబర్ చూసి ఇతను పారాట్రూపర్ అయ్యుండడులే అనుకోవద్దు.

ఇదంతా కంప్యూటర్ ముందు చేసే పని, ఎప్పుడైనా చేసుకోవచ్చు. కానీ రేపు పొద్దున్నే చేయాల్సింది వేరే ఉంది: ఆ ఎస్టేట్ సేల్ నడిపినవాళ్ళకి ఫోన్ చేయండి. ఆ ఇంట్లో ఎవరు ఉండేవాళ్ళు, జాకెట్ ఏ గదిలో ఏ పెట్టెలో దొరికింది, దాంతో పాటు ఫోటోలు ఉత్తరాలు పతకాలు ఏమైనా అమ్ముడుపోయాయా, ఎవరు కొన్నారు, ఇవన్నీ అడగండి. ఇల్లు ఖాళీ అయి నెల దాటితే ఈ సమాచారం ఇక దొరకదు. ఆర్కైవ్స్‌లో కాయితం ఎక్కడికీ పోదు, మనుషుల జ్ఞాపకం మాత్రం పోతుంది.

ఇంటిపేరు ఎస్, జాకెట్ మీద కె అని మీరు కంగారు పడ్డారు గానీ నాకైతే అది మంచి సంకేతంలాగే కనిపిస్తోంది. ఆ ఇంటి ఇల్లాలి పుట్టింటి పేరు ఏంటో చూడండి. చనిపోయినప్పుడు స్థానిక పేపర్లో వేసే సంతాప ప్రకటనలో ఆవిడ తల్లిదండ్రుల పేర్లు, అన్నదమ్ముల పేర్లు అన్నీ ఉంటాయి. ఇండియానాలో దొరికిన ఒక జాకెట్ విషయంలో అదే జరిగింది, ఇంటాయన నేవీలో చేశాడు, జాకెట్ ఆయనది కాదు, అక్షరం కూడా కలవలేదు, ఆవిడ పుట్టింటి పేరు చూస్తే అక్షరం కలిసింది, ఆవిడ తమ్ముడి సీరియల్ నంబర్ చూస్తే నాలుగు అంకెలూ కలిశాయి. పెళ్ళి కాకుండానే పోయిన తమ్ముడి సామాను అక్కగారింటి అటక మీద అలా ఉండిపోయింది. ఇక్కడ గమనించండి, నంబర్ ఒక దారి, కుటుంబం ఇంకో దారి, రెండూ వేరువేరుగా వెళ్ళి ఒకే మనిషి దగ్గర ఆగాయి. నేను రెండో ఆధారం అంటున్నది ఇలాంటిదాన్నే.

కుటుంబం వైపు నుంచి ఏమీ రాకపోతే అప్పుడు యూనిట్ వైపు నుంచి రావాలి. ఇక్కడే జనం బోల్తా పడతారు. గద్ద ప్యాచ్ ఉంది కాబట్టి 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్, కాబట్టి నార్మండీలో (ఫ్రాన్స్ తీరం, 1944 జూన్ 6 నాటి డీ-డే దాడి జరిగిన చోటు) దూకాడు, ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వెళ్ళిపోతారు. ప్యాచ్ అనేది ఎవరైనా ఎప్పుడైనా సూదీ దారంతో కుట్టగలిగేది. ప్యాచ్ అంచు చుట్టూ తాడులాగా ఉబ్బెత్తుగా కుట్టు ఉంటే అది యుద్ధం అయిపోయిన చాలా ఏళ్ళకి తయారైన ప్యాచ్. అంచు చదునుగా కోసినట్టుంటే పాతదయ్యే అవకాశం ఉంది. అయినా ప్యాచ్ పాతదైనంత మాత్రాన జాకెట్‌తో పుట్టిందని కాదు, ఒక మూల మెల్లగా ఎత్తి (విప్పొద్దు!) కింద బట్ట రంగు చూడండి, దశాబ్దాలుగా అక్కడే ఉంటే కింద బట్ట కాస్త ముదురుగా తాజాగా ఉంటుంది, చుట్టుపక్కల వెలిసి ఉంటుంది. వేరే ప్యాచ్ తాలూకు పాత సూది రంధ్రాలు కనిపిస్తే అది ఇంకా ముఖ్యం. ఒకసారి ఇలాగే 101 ప్యాచ్ ఉన్న జాకెట్ తెచ్చారు, నంబర్ పట్టుకుని వెళ్తే మనిషి 13వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌లో తేలాడు, ఆ డివిజన్ 1945లో ఫ్రాన్స్ దాకా వెళ్ళింది గానీ యుద్ధంలో దిగనే లేదు. ప్యాచ్ కింద చూస్తే ఇంకో ప్యాచ్ ఆకారం నీడలాగా ఉంది. ఎవరో ధర కోసం మార్చేశారు.

అసలు జాకెట్ గురించి కూడా రెండు మాటలు, మీరు చెప్పినదాన్ని బట్టి అది ఎమ్ 1942 జంప్ జాకెట్. విలియం యార్బరో అనే ఆఫీసర్ పారాట్రూపర్ల కోసం ప్రత్యేకంగా డిజైన్ చేసింది, పారాట్రూపర్ల బూట్లు, రెక్కల బ్యాడ్జి కూడా ఆయన డిజైన్లే. జేబులకి టిచ్ బటన్లు, మెడ కింద చిన్న కత్తి పెట్టుకోవడానికి నిలువుగా జిప్ జేబు. నార్మండీకి ముందు 82, 101 డివిజన్లలో మోచేతుల దగ్గర మోకాళ్ళ దగ్గర కాన్వాస్ గుడ్డ వేసి గట్టిగా కుట్టించారు, విషవాయువు భయంతో బట్టలకి ఒక కెమికల్ పట్టించారు, అది జిడ్డుగా బిరుసుగా ఉండి అసహ్యమైన వాసన వేసేదని ఆ సైనికులే తిట్టుకున్నారు. 1944 సెప్టెంబర్‌లో హాలండ్ మీద దూకే నాటికి చాలామందికి కొత్త ఎమ్ 1943 జాకెట్లు ఇచ్చేశారు, కొంతమంది మాత్రం పాతవే వేసుకున్నారు. కాబట్టి మీ జాకెట్ మోచేతుల మీద కాన్వాస్ ముక్కలు గానీ, వాటిని తీసేసిన కుట్టు గుర్తులు గానీ ఉన్నాయేమో చూడండి. లేకపోతే బాధపడక్కర్లేదు, కానీ నార్మండీ అనే మాట అంతదాకా పక్కన పెట్టండి. ఇవే జాకెట్లు జార్జియాలోని ఫోర్ట్ బెన్నింగ్ జంప్ స్కూల్లో, నార్త్ కరోలినాలోని క్యాంప్ మకాల్‌లో శిక్షణ పొందినవాళ్ళకీ ఇచ్చారు, పసిఫిక్‌లో 503వ రెజిమెంట్ వాళ్ళకీ ఇచ్చారు. 555వ బెటాలియన్ అని నల్లజాతి పారాట్రూపర్ల యూనిట్ ఒకటుండేది, వాళ్ళని 1945లో యుద్ధానికి పంపకుండా అమెరికా పశ్చిమ తీరంలో అడవుల్లో మంటలార్పడానికి పారాచూట్లతో దింపారు, జపాన్ వాళ్ళు బెలూన్లకి బాంబులు కట్టి వదిలారు కదా, ఆ భయంతో. ఎంత కథ ఉంది చూడండి, కానీ మార్కెట్లో మాత్రం అందరికీ నార్మండీయే కావాలి.

యూనిట్ ఖరారు చేసుకోవడానికి అన్నిటికంటే గట్టి కాయితం మార్నింగ్ రిపోర్ట్. ప్రతి కంపెనీ (రెజిమెంట్‌లో ఒక చిన్న దళం) ప్రతి రోజూ రాసేది. ఎవరు కొత్తగా వచ్చారు, ఎవరు ఆసుపత్రికి వెళ్ళారు, ఎవరు గల్లంతయ్యారు, ఎవరికి ప్రమోషన్ వచ్చింది అనేది పేరు, పూర్తి సీరియల్ నంబర్‌తో సహా ఉంటుంది. ఇవి సెయింట్ లూయిస్‌లో నేషనల్ ఆర్కైవ్స్ దగ్గర మైక్రోఫిల్మ్ మీద ఉన్నాయి, ఆన్‌లైన్‌లో కూడా పెడుతూ వస్తున్నారు. ఇందులో చిక్కేంటంటే మార్పు ఉన్నవాళ్ళ పేర్లే రాస్తారు, ఏ గొడవా లేకుండా రోజూ డ్యూటీలో ఉన్నవాడి పేరు నెలల తరబడి కనపడదు. నెలవారీ రోస్టర్లు అయితే అందరి పేర్లూ ఉంటాయి గానీ సరిగ్గా మనకి కావాల్సిన 1944, 45, 46 సంవత్సరాల రోస్టర్లు ఆర్మీయే నాశనం చేసేసింది. 1943 దాకా ఉన్నవి మిగిలాయి, శిక్షణ సమయంలో ఏ కంపెనీలో ఉన్నాడో చూడ్డానికి అవి బాగా పనికొస్తాయి. మీ షీట్‌లో ఉన్న కె పేర్లు ఒక చేత్తో పట్టుకుని 101వ డివిజన్‌లోని 501, 502, 506 పారాచూట్ రెజిమెంట్ల కాయితాలు తిరగేయడమే, అడ్డదారి లేదు. టీ పెట్టుకుని కూర్చోండి. 1944 జూన్ రెండో వారం రిపోర్టులతో మొదలుపెట్టడం నా అలవాటు, ఎందుకంటే గాయపడినవాళ్ళు, తప్పిపోయి తిరిగొచ్చినవాళ్ళు, గుంపులు గుంపులుగా అక్కడే కనిపిస్తారు. అందులో ఎల్‌డబ్ల్యూఏ అంటే స్వల్పంగా గాయపడ్డాడని, ఎస్‌డబ్ల్యూఏ అంటే తీవ్రంగా గాయపడ్డాడని.

"1973లో ఫైళ్ళన్నీ కాలిపోయాయట కదా" అని అందరూ అంటారు. నిజమే, ఆ ఏడాది జులై 12న సెయింట్ లూయిస్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది, కోటీ 60 లక్షల నుంచి కోటీ 80 లక్షల ఫైళ్ళు పోయాయి, 1912 నవంబర్ నుంచి 1960 జనవరి 1 లోపు ఆర్మీ నుంచి బయటికొచ్చినవాళ్ళ ఫైళ్ళలో నూటికి 80 వంతులు బూడిదయ్యాయి. కానీ దాంతో కథ అయిపోలేదు. అంచులు కాలిన ఫైళ్ళు, నీళ్ళలో తడిసిన ఫైళ్ళు లక్షల్లో మిగిలాయి, ఫైల్ పూర్తిగా పోయినా ఉద్యోగం ముగిసినప్పుడు డబ్బు చెల్లించిన వోచర్ దొరుకుతుంది, అందులో పేరు, నంబర్, డిశ్చార్జ్ తేదీ, ఇంటి అడ్రస్ లాంటివి ఉంటాయి. సర్వీస్ ముగిసి 62 ఏళ్ళు దాటిన ఫైళ్ళు ఎవరైనా అడగొచ్చు, బంధువే అయ్యుండక్కర్లేదు, ఫారం 180 నింపి కాపీల ఫీజు కడితే చాలు. నా సలహా, ముప్పై మందికీ అప్లై చేయకండి, ముగ్గురికి తగ్గాక చేయండి.

ఈ లోపు ఇంకొన్ని చోట్లు చూడొచ్చు. ఆసుపత్రిలో చేరినవాళ్ళ కార్డుల డేటా ఒకటుంది, 1942 నుంచి మొదలవుతుంది, సీరియల్ నంబర్ బట్టి వెతకాలి, అందరివీ లేవు గానీ ఉంటే గాయం ఏంటి, ఎప్పుడు, ఏ విభాగం వాడు అన్నీ తెలుస్తాయి. విదేశీ శ్మశానాల్లో ఉన్నవాళ్ళ వివరాలు అమెరికన్ బాటిల్ మాన్యుమెంట్స్ కమిషన్ సైట్‌లో రెజిమెంట్‌తో సహా ఉంటాయి. 1940, 1950 జనాభా లెక్కలు పేర్లతో సహా బయటికొచ్చేశాయి, జాకెట్ దొరికిన ఇంటి వీధిలో అప్పట్లో ఎవరున్నారో చూడ్డానికి పనికొస్తాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైనవి డ్రాఫ్ట్ రిజిస్ట్రేషన్ కార్డులు, వాటి మీద ఆ కుర్రాడి సొంత సంతకం ఉంటుంది. జాకెట్ లోపల చేత్తో రాసిన పేరు గానీ పొడి అక్షరాలు గానీ బయటపడితే ఆ సంతకం పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

చేత్తో రాసినవి బయటపడడం గురించి చెప్పాలి. మెడ దగ్గర ఒక్కటే చూసి వదిలేయకండి, జేబు మూతల లోపలివైపు, జేబు సంచి లోపల, నడుము బెల్టు వెనకవైపు, లోపలి కుట్టు అంచులు అన్నీ తిప్పి చూడండి. గదిలో లైట్లు తీసేసి టార్చ్‌ని బట్టకి ఆనించి పక్కనుంచి వేస్తే కంటికి కనపడని ముద్రలు తేలతాయి. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఎవరి దగ్గరైనా దొరికితే ఇంకా మంచిది, కార్బన్ ఉన్న పాత నల్ల ఇంకు మాసిపోయినట్టున్నా అందులో నల్లగా కనిపిస్తుంది. ఒక జాకెట్‌లో అలా చూస్తే కొట్టేసిన ఇంకో నంబర్ బయటపడింది, అంటే మొదటివాడి దగ్గర్నుంచి వెనక్కి తీసుకుని ఉతికి రెండోవాడికి ఇచ్చారు. ఆర్మీలో ఇది మామూలే, బట్టలు ప్రభుత్వానివి. అలాంటప్పుడు అసలు యజమాని ఎవరు అంటే ఇద్దరూ అనే చెప్పాలి. దయచేసి ఉతకొద్దు, ఇస్త్రీ చేయొద్దు, డ్రై క్లీనింగ్‌కి ఇవ్వొద్దు, ఇంకు పోయిందంటే మీ ఒకే ఒక్క ఆధారం పోయినట్టే. కలరా ఉండలు వేసి బీరువాలో పెట్టడం కూడా వద్దు, యాసిడ్ లేని టిష్యూ పేపర్ మడతల్లో పెట్టి పడుకోబెట్టండి.

నకిలీల సంగతి. అసలైన ఎమ్ 1942 జాకెట్లు వేల డాలర్లు పలుకుతాయి, పేరున్న సైనికుడిదైతే ఇంకా పైన. కాబట్టి కొత్తగా కుట్టినవాటిని పాతగా మార్చేవాళ్ళు, పాతవాటి మీద కొత్తగా నంబర్ వేసేవాళ్ళు ఇద్దరూ ఉన్నారు. నల్ల లైట్ (అల్ట్రావయొలెట్ లైట్) కింద కుట్టు దారం తెల్లగా మెరిస్తే కొత్తదని చెప్తారు, అది పూర్తిగా నమ్మకండి, అసలు జాకెట్‌ని ఎవరైనా తర్వాత ఎప్పుడో మామూలు డిటర్జెంట్‌తో ఉతికినా మెరుస్తుంది. దానికంటే లోపలి లేబుల్, జిప్ మీద కంపెనీ పేరు, బట్ట అరిగిన చోట నంబర్ కూడా అరిగిందా లేదా చూడడం మేలు, కాలర్ మడత దగ్గర బట్ట పీచులు లేచిపోయి ఉండి దాని మీద ఇంకు మాత్రం చక్కగా పడి ఉంటే ఆ ఇంకు నిన్నటిది. ఇంకో పద్ధతి కూడా నడుస్తోంది, జూన్ 6న చనిపోయిన పారాట్రూపర్ నంబర్ డేటాబేస్‌లోంచి తీసి జాకెట్ మీద వేయడం, లేదా ఒక టీవీ సీరీస్ పుణ్యమా అని అందరికీ తెలిసిపోయిన 506వ రెజిమెంట్ ‘E’ కంపెనీ వాడి నంబర్ వేయడం. యుద్ధంలో చనిపోయినవాడి వస్తువులు కాన్సాస్ సిటీలోని ఆర్మీ ఎఫెక్ట్స్ బ్యూరో ద్వారా ఇంటికి పంపేవాళ్ళు, అందులో వాచీ, పర్సు, ఉత్తరాలు, ఉంగరం లాంటి సొంతవి ఉండేవి, ప్రభుత్వం ఇచ్చిన జంప్ జాకెట్ ఉండాల్సిన పని లేదు. అందుకని నా దగ్గరికి ఎవరైనా డీ-డే రోజు వీరమరణం పొందినవాడి జాకెట్ అని తెస్తే మొదట అడిగేది ఇది ఇంటికెలా వచ్చింది అని. సమాధానం ఉన్న జాకెట్లు ఉన్నాయి, తక్కువ. మీది ఎస్టేట్ సేల్‌లో, ఏ కథా చెప్పకుండా, వేరే సామాన్లతో కలిపి అమ్మారు కాబట్టి ఆ అనుమానం నాకు పెద్దగా లేదు. కథ లేని జాకెట్లే నాకు నచ్చుతాయి.

చివరికి ఇద్దరో ముగ్గురో మిగిలి అక్కడే ఆగిపోవచ్చు. అలా ఆగిపోయినవి నా బీరువాలోనూ ఉన్నాయి. అప్పుడు జాకెట్‌తో పాటు ఉంచే కాయితం మీద ఆ ముగ్గురి పేర్లూ రాసి, దేని ఆధారంగా ఎంతవరకు వచ్చామో రాసిపెట్టండి, రేపు ఇంకో రికార్డు ఆన్‌లైన్‌లోకి వస్తే తర్వాతవాడు అక్కడి నుంచి మొదలుపెడతాడు. ఒక్కడే తేలి, అతని పిల్లలో మనవలో ఉన్నారని తెలిస్తే ముందు ఉత్తరం రాయండి, ఫోన్ చేయొద్దు, తెలియని నంబర్ నుంచి మీ తాత జాకెట్ నా దగ్గరుంది అని ఫోన్ వస్తే స్కామ్ అనుకుంటారు, నేనైనా అలాగే అనుకుంటాను. ఉత్తరంలో జాకెట్ అమ్మే మాట గానీ ఇచ్చే మాట గానీ ఎత్తకుండా ఫోటో ఒకటి అడగండి చాలు, యూనిఫాంలో ఉన్న ఫోటో. అందులో జేబు దగ్గర చిరుగో, కుట్టు వంకరో మీ జాకెట్‌తో కలిసిందంటే ఇక వాదన లేదు. ఆ కుటుంబం వెనక్కి కావాలని అడిగితే ఏం చేయాలనేది మీ ఇష్టం, చట్టపరంగా మీరు కొనుక్కున్నదే, నా వరకు నేను మాత్రం కొన్న ధరకి ఇచ్చేస్తాను.

ఇప్పుడు మీరు ఇక్కడ కింద పెట్టాల్సిన ఫోటోలు: నంబర్ దగ్గరగా, పగటి వెలుతురులో ఒకటి, టార్చ్ పక్కనుంచి వేసి ఒకటి. లోపలి లేబుల్. జిప్ తల. రెండు మోచేతులు. ప్యాచ్ అంచు, ప్యాచ్ మూల కాస్త ఎత్తినప్పుడు వెనకవైపు. ఆ 4172 లో మొదటి అంకె నిజంగా 4 ఏనా, 9 ఏమో కూడా ఒకసారి చూడండి, వెలిసిన ఇంకులో ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి, అది మారితే మీ ముప్పై మంది లిస్టు మొత్తం మారిపోతుంది.